మా వాడ చదువులు - 14: ఆమె కూడా ఇంట్లోనే చదివింది



హోమ్ స్కూలింగ్ అనే మాట ఈమధ్య తెగ వినబడుతోంది. హైదరాబాదు, బెంగళూరుల్లో మంచి ఉద్యోగాలున్న అమ్మానాన్నలు కొందరు పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లో చదివిస్తున్నారు. అమెరికాలో అయితే అమ్మ తయారుచేసిన మార్కుల పట్టీ చూసి కూడా కాలేజీలు సీటిస్తాయి. ఇక్కడ అది చెల్లదు కాబట్టి వీళ్లు ఎన్ఐఓఎస్ పరీక్షలు రాయిస్తారు. వాళ్ల మీద నాకు కోపమేమీ లేదు.

కోయిలకుంట్లలో మా వాడ పిల్ల ఒకతి సాయంత్రాలు నా దగ్గరికి పుస్తకాలు పట్టుకొస్తుంది. ఎనిమిదిలో బడి మానేసింది. అమ్మానాన్న మిరపకాయ కోతలకు గుంటూరు దిక్కు పోతే తమ్ముణ్ణి చూసుకోవాలి. శనగ కోత వస్తే తానూ కూలికి పోవాలి. ఓపెన్ స్కూల్లో టెన్త్ పాసై, ఇంటర్ కట్టింది. చదివేదంతా ఇంట్లోనే, పొయ్యి పక్కనే. అయినా ఆమెను హోమ్ స్కూలర్ అన్నవాళ్లు లేరు. డ్రాపౌటే.

మొన్న డిగ్రీ అడ్మిషన్ సంగతి అడగడానికి ఒక కాలేజీకి పోతే అక్కడి గుమాస్తా "ఓపెనా?" అని పెదవి విరిచాడట. "యాడ సదువుకున్న్యావంటే ఏమని రాయాల అక్కా?" అని అడిగింది.

ఇంట్లో అని రాయి అన్నాను. సిగ్గుపడాల్సిందేముంది? నరసింహారెడ్డిని మా కోయిలకుంట్లలో ఉరితీసింది 1847లో. మరుసటేడు పూణెలో ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి తెరిచారు. ఆ బడిలో పంతులమ్మ సావిత్రిబాయి అక్షరాలు నేర్చింది ఇంట్లోనే, జోతిరావు దగ్గర. 1982లో మన ఓపెన్ యూనివర్సిటీ పెట్టినప్పుడు, ఏ సర్టిఫికెట్టూ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. తర్వాత దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు.

ఈ దారికి అడ్డాలు వేసేవాళ్లూ ఉన్నారు. 2018లో ఓపెన్ స్కూలు పిల్లలు నీట్ రాయకూడదని నిబంధన తెచ్చారు. ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది కాబట్టి సరిపోయింది.

చదువు కంటే కాగితాలే ఈ పిల్లల్ని ఎక్కువ ఏడిపిస్తాయి. ఓపెన్ స్కూల్లో ఐదు సబ్జెక్టులు ఒకేసారి రాయనక్కర్లేదు. పాసైన సబ్జెక్టు మార్కులు అట్లాగే ఉంటాయి, తప్పినదే మళ్లీ కట్టుకోవచ్చు. కూలికి పోయే పిల్లకు ఇంతకంటే అనువైన పద్ధతి నాకు తెలీదు. చిక్కంతా కౌన్సెలింగు దగ్గర. బడిలో చదివిన పిల్లలు స్టడీ సర్టిఫికెట్లు చూపిస్తే లోకల్ అయిపోతారు. ప్రైవేటుగా చదివినవాళ్లు ఏడేళ్ల నివాస ధృవీకరణ తేవాలి. హైదరాబాదు హోమ్ స్కూలర్‌కు సొంతింటి కాగితాలుంటాయి. ఏటా ఆర్నెల్లు తాళమేసే ఇంటికి ఎవరు సాక్ష్యం చెప్తారు? పైగా మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఆ పేరు వినగానే పిల్ల నవ్వింది. "వలసకు గూడా సర్టిఫికెట్ ఇస్తారా అక్కా, మాయమ్మకు ఎన్ని ఇయ్యాలో!"

అందుకే ఈసారి పుస్తకాల కంటే ముందు రేషన్ కార్డు, ఆధార్, వాళ్ల నాయన ఓటరు జాబితా నకలు ఒక సంచిలో పెట్టించాను. నివాస ధృవీకరణకు అర్జీ ఇప్పుడే పెట్టించాం. ఫలితాలొచ్చాక తిరిగితే కౌన్సెలింగు గడువు దాటిపోతుంది. కుల ధృవీకరణ పత్రం కూడా అంతే.

ఆమెకు ఎకనామిక్స్ ఒక్కటే మిగిలింది. గిరాకీ, సరఫరా గ్రాఫులు గీయడం రావట్లేదంటుంది. శనగల రేటు ఎందుకు పడిపోయిందో అడిగితే మాత్రం నాకంటే బాగా చెప్తుంది. గ్రాఫుల సంగతి ఆదివారం కూర్చుని చూస్తాం. మీ ఊళ్లలో ఇట్లాంటి పిల్లలకు నివాస పత్రం విషయంలో ఏం ఇబ్బందులు వచ్చాయో, ఎట్లా దాటారో రాయండి. వచ్చే వారం వాటి మీదే రాస్తాను.