వెనక సీటును అడిగారా?

కంపెనీ బండిని అందరికోసం తయారుచేస్తుంది. దాన్ని మనింటి బండిగా మార్చుకునేది మాత్రం మనమే. ఓ కొక్కెం, ఓ డబ్బా, మెత్తటి సీటు... కొన్ని మార్పులు అవసరానికి, కొన్ని ముచ్చటకి. వాటిలో ఏది మంచిదో, ఏది కాదో తేల్చుకోవడం తెనాలిలోని ఓ లెక్కల మాస్టారి ఇంటికి కాస్త ఖరీదైన పాఠమే అయింది.

ఆ ఇంటి వరండాలో ఇప్పటికీ ఓ నల్లటి హీరోహోండా స్ప్లెండర్ ఉంటుంది. 1998లో కొన్నది. పదిహేనేళ్ల గడువు అయిపోయాక ఐదేళ్లకోసారి చొప్పున 2013లో, 2018లో, 2023లో రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ వచ్చారు. పాతబండేగా అని పక్కింటివాళ్లు అడిగినా మాస్టారు అమ్మలేదు. అమ్మినా కొన్నవాడికి అది బండిలా కాదు, మాస్టారి ఇంటి సామానులా కనిపిస్తుంది. ఎందుకంటే దానికున్న తగిలింపులు అలాంటివి.

సీటు ముందు కూరగాయల సంచి తగిలించుకునే కొక్కెం. ఎడమ పక్కన తాళం వేసుకునే రేకు డబ్బా. అందులో సుద్దముక్కలు, దిద్దాల్సిన పేపర్లు, వానకోటు, రెండు స్పానర్లు. ముందున్న క్రాష్‌గార్డుకి పాత సైకిలు ట్యూబు చుట్టి ఉంటుంది... బియ్యం బస్తా ఆనించి కడితే జారకుండా! ట్యాంకు మీద మాత్రం రెండు గీతలు. ఒకప్పుడు అక్కడ పాప కోసం చిన్న సీటు బిగించిన గుర్తులవి.

వెల్డింగు వద్దు, బోల్టు ముద్దు!

మాస్టారికి బండి కొన్న మొదటి నెలలోనే అర్థమైన సంగతి ఒకటుంది. షోరూము నుంచి వచ్చిన బండి ఒంటరివాడికి బాగుంటుంది. సంసారికి చాలదు. సంచి ఎక్కడ పెట్టాలి? గొడుగు ఎక్కడ దోపాలి? అందుకే ఒక్కొక్కటే తగిలించుకుంటూ వచ్చారు. అయితే మెకానిక్‌కి ముందే ఓ షరతు పెట్టారు. ఏది పెట్టినా బోల్టుతోనే బిగించాలి, బండి చట్రానికి నిప్పు తగలకూడదు. బోల్టు వేస్తే నచ్చనప్పుడు విప్పుకోవచ్చు. వెల్డింగు చేస్తే ఆ వేడికి అక్కడి ఇనుము గుణమే మారిపోతుంది, కొన్నాళ్లకి పక్కనే పగులు తేలుతుంది.

బరువుల విషయంలోనూ ఆయన లెక్క ఆయనకుంది. పల్లెల్లో పాలవాళ్ల బళ్లు చూశారా? క్యాన్లు ఎప్పుడూ రెండువైపులా సమానంగా, చక్రం ఇరుసుకి దగ్గరగా కిందికి వేలాడతాయి. అది వాళ్లకి ఎవరూ చెప్పిన పాఠం కాదు. బరువు పైకెక్కినకొద్దీ బండి తూలుతుందని అనుభవం చెప్పింది. మాస్టారి డబ్బా కూడా అందుకే కిందికి ఉంటుంది. కుడివైపు సైలెన్సర్ సెగ తగులుతుంది కాబట్టి ఎడమవైపే పెట్టించారు. వెనక ఇండికేటర్‌కి అడ్డం రాకుండా రెండంగుళాలు ముందుకి జరిపించారు.

ఓసారి మెకానిక్ ‘‘మాస్టారూ, లైటు గుడ్డిగా ఉంది. 90 వాట్ల బల్బు వేసేద్దామా?’’ అన్నాడు. మాస్టారు అక్కడే పాత కాగితం మీద లెక్క కట్టారు. బండిది 12 వోల్టులు. దానికి వచ్చిన 35 వాట్ల బల్బు తీసుకునే కరెంటు మూడు ఆంపియర్ల లోపే. 90 వాట్లదైతే ఏడున్నర! అదే సన్నటి తీగలోంచి రెండున్నర రెట్ల కరెంటు పోతే తీగ వేడెక్కుతుంది, హోల్డరు కరుగుతుంది. పైగా ఆ పాత బండిలో హెడ్‌లైటుకి కరెంటు వచ్చేది బ్యాటరీ నుంచి కాదు, నేరుగా ఇంజిన్‌లోని కాయిల్ నుంచి. కాయిల్ ఇచ్చేదే అంత. పెద్ద బల్బు పెడితే వెలుగు పెరగకపోగా తగ్గుతుంది. చివరికి తేలిందేమిటంటే... లైటు అద్దం లోపల మసి పట్టింది. రిఫ్లెక్టర్ మారిస్తే సరిపోయింది.

ఇన్ని లెక్కలు కట్టే మనిషీ ఒకచోట తప్పు చేశారు. ట్యాంకు మీది చిన్న సీటు! మూడేళ్ల పాప ముందు కూర్చుని గాలి తింటుంటే ముచ్చటగానే ఉండేది. ఓరోజు కుక్క అడ్డమొచ్చి బ్రేకు వేస్తే పాప నుదురు వెళ్లి హ్యాండిల్‌కి కొట్టుకుంది. చిన్న బొప్పితో పోయింది. ఆ సాయంత్రమే సీటు విప్పేశారు. (నాలుగేళ్లలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే నడిపేవారికి కలిపి కట్టే పట్టీ, పిల్లల తలకి హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన వచ్చింది.) ‘‘నా సౌకర్యం చూసుకున్నాను కానీ దాని తల ఎక్కడుందో చూసుకోలేదు’’ అనుకున్నారు మాస్టారు. కొడుక్కి ఆ సంగతి చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు.

ఒక్క ఆదివారంలో కొత్త బండి!

2009 నాటికి కొడుకు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. చేతికి స్పానర్ అలవాటైంది. కాలేజీకి వెళ్లాలంటే నాన్న బండే దిక్కు. డబ్బా, కొక్కెం, సైకిలు ట్యూబు... ఆ వయసు కుర్రాడికి తలకొట్టేసినట్టు ఉండదూ! విజయవాడ వెళ్లి దాచుకున్న డబ్బులతో సామాను తెచ్చుకున్నాడు. ఓ ఆదివారం పొద్దున మొదలెట్టి పొద్దుగూకేసరికి బండి రూపే మార్చేశాడు.

వెనక మడ్‌గార్డు సగానికి కోశాడు. పొట్టి హ్యాండిల్ వేశాడు. సైలెన్సర్ లోపలి గొట్టం లాగేశాడు. సీటు వెనక పట్టుకునే కడ్డీ తీసేశాడు. చైను కవరు విప్పేశాడు. ఎడమ పక్క వెనక చక్రాన్ని కప్పుతూ ఉండే ఇనప జల్లెడ... అదే, చీర గార్డు... అది కూడా ఊడదీసి అటకెక్కించాడు. నిజం చెప్పాలంటే బండి బాగుంది. సన్నగా, చురుగ్గా, వేటకుక్కలా ఉంది. వీధిలో పిల్లలు చుట్టూ మూగారు.

మాస్టారు బడి నుంచి వచ్చి చూశారు. కోప్పడలేదు. బండి స్టార్టు చేసి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా తిప్పారు. కుడివైపు తిరిగేసరికి ఇంజిన్ దానంతట అదే రయ్యిమని లేచింది. ‘‘చూశావురా, యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటోంది. మలుపులో నువ్వు ఇవ్వకపోయినా బండి లేస్తుంది’’ అన్నారు. కొడుకు కేబుల్ దారి మార్చి సరిచేశాడు. హ్యాండిల్ మార్చుకున్న ప్రతి ఒక్కరూ చేసుకోవాల్సిన పరీక్ష అది. ఖర్చు లేదు, అర నిమిషం పని.

అప్పుడే అమ్మ బయటికొచ్చి బండిని ఎగాదిగా చూసి ‘‘బాగుందిరా నాన్నా’’ అంది. ఆవిడ అలాగే అంటుంది. ఆ బండి మీద వెనక కూర్చునేది తనే అయినా, తన వైపు ఏం తీశావని అడగలేదు. కొడుకూ చెప్పలేదు. మాస్టారి కళ్లు హ్యాండిల్ మీదే ఉండిపోయాయి.

ఆ శనివారం...

నెల తిరగలేదు. శనివారం పొద్దున వైకుంఠపురం గుడికి అమ్మని కొడుకే తీసుకెళ్లాడు. మామూలుగా ఒకవైపుకి తిరిగి కూర్చుంది. చేతిలో పూలసజ్జ. పట్టుకుందామంటే కడ్డీ లేదు. కొడుకు భుజం పట్టుకుంది. వేగం ముప్ఫైకి మించలేదు. రోడ్డు ఖాళీగా ఉంది. ఎదురు బండి లేదు, గొయ్యి లేదు. గాలికి కొంగు ఎగిరింది, అంతే!

తర్వాత మాస్టారు కట్టిన లెక్క ఇది. బండి 30 కిలోమీటర్ల వేగంలో సెకనుకి ఎనిమిది మీటర్లకు పైగా పోతుంది. ఆ చక్రం చుట్టుకొలత రెండు మీటర్ల లోపు. అంటే సెకనుకి నాలుగుసార్లకు పైగా తిరుగుతుంది. చువ్వల్లో గుడ్డ అంచు చిక్కిందంటే ‘అయ్యో’ అనేలోపు నాలుగు చుట్లు. లాక్కునే వ్యవధే ఉండదు. ఆవిడ వెనక్కి పడింది. చీర మధ్యకి చిరిగి చక్రానికి చుట్టుకుపోయింది. చిరగబట్టి సరిపోయింది... చిరగకపోతే? ఆ మాట ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ పూర్తిచేయరు. కుడిచేతి మణికట్టు ఎముక విరిగింది. ఆరువారాలు పిండికట్టు. ఆ ఆరువారాలూ ఇంట్లో వంట మాస్టారూ, పిల్లలూ చేశారు.

చీర గార్డు అలంకారం కాదని ఆ రోజు తెలిసింది. మన దేశంలో మోటారు సైకిల్‌కి అది ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) చెబుతున్నాయి. అందులో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకునే కడ్డీ ఉండాలి, కాళ్లు పెట్టుకునే ఆధారం ఉండాలి, బట్టలు చిక్కకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. మూడూ బండి నడిపేవారి కోసం కాదు. వెనక కూర్చునేవారి కోసమే! కుర్రాడు ఆ ఆదివారం తీసేసినవాటిలో రెండు అవే.

ఓ నోటుబుక్కు, రెండు గడులు

ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రి కొడుకు ఎవరికీ చెప్పకుండా అటకెక్కి గార్డు దించాడు. మాస్టారు తిట్టలేదు. నోటుబుక్కులో మధ్యకి గీత గీసి ఇచ్చారు. ‘‘ఈ పక్క నువ్వు తీసినవి రాయి. ఆ పక్క, అది ఎవరి కోసం పెట్టారో రాయి’’ అన్నారు.

కుర్రాడు రాశాడు. చీర గార్డు- అమ్మ. వెనక కడ్డీ- అమ్మ. చైను కవరు- అమ్మ కొంగు, చెల్లి చున్నీ. మడ్‌గార్డు- వెనక వచ్చేవాళ్ల మీద బురద పడకుండా. సైలెన్సర్ లోపలి గొట్టం- వీధిలో వాళ్ల కోసం. ఎదురింటి తాతగారు నెలరోజులుగా మధ్యాహ్నం నిద్రపోవడం లేదని అప్పుడే తెలిసింది. ‘నా కోసం’ అని రాసుకోగలిగింది హ్యాండిల్ ఒక్కదాని ఎదురుగానే. మిగతావన్నీ ఇంకొకరివి. వాళ్లలో ఒక్కరినైనా అడగలేదు.

వారంలో అన్నీ తిరిగి బిగించాడు. కొత్త మడ్‌గార్డు కొనాల్సి వచ్చింది. కోసినది అతకదు కదా! హ్యాండిల్ మాత్రం కొన్నాళ్లు అలాగే ఉంచుకోమన్నారు మాస్టారు. సీటుకి ఎర్రదారం కుట్టుతో కొత్త రెక్సిన్ వేయించుకున్నాడు. ఆ ముచ్చటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. అమ్మ అయితే ‘‘పనిలోపనిగా లోపల ఫోము కూడా మార్పించరా, వెనకవైపు పలకలా అయిపోయింది’’ అంది. ఆ బండి గురించి ఆవిడ నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది.

ముచ్చట తప్పు కాదు

మన బండి మనకి నచ్చినట్టు ఉండాలనుకోవడంలో తప్పేముంది? సీటు కవరు, ఫోను పెట్టుకునే స్టాండు, ఫ్యూజుతో సహా బిగించుకున్న చార్జరు, తాళం డబ్బా, చక్రం అంచుకి రంగు టేపు... ఇవన్నీ ఎవరినీ బాధపెట్టనివే. అయితే ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. బండి రంగు పూర్తిగా మార్చాలన్నా ఆర్‌సీలో రాయించుకోవాల్సిందే. కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంచేసింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతిలేని ఒక్కో మార్పుకీ ఐదువేల రూపాయల జరిమానా, ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. రకరకాల రాగాలు పలికే హారన్లు ఎప్పటినుంచో నిషిద్ధమే.

కానీ ఆ ఇంట్లో లెక్క చట్టంతో మొదలవ్వలేదు. నోటుబుక్కులోని రెండో గడితో మొదలైంది.

కొడుకు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2022లో కొత్త బండి కొన్నాడు. అతను ముచ్చటపడి ఎంచుకున్నదే. అయితే డబ్బులు కట్టేముందు భార్యని వెనక సీటు మీద కూర్చోబెట్టాడు. ‘‘కాలు ఆనుతోందా? పట్టుకోవడానికి అందుతోందా? చున్నీ ఎటు పడుతోంది?’’ అని అడిగాడు. బేరం చేస్తున్న కుర్రాడు వింతగా చూశాడట. ‘‘గార్డు తీసేస్తే లుక్కు బాగుంటుంది సార్’’ అని సలహా కూడా ఇచ్చాడట.

‘‘తెలుసు’’ అన్నాడు అతను. ‘‘ఉండనివ్వండి.’’

తెనాలిలో పాత బండి మీది చీర గార్డుకి ఓచోట రంగు పోయి ఇనుము మెరుస్తుంటుంది. అది తుప్పు కాదు. ఆ ఇల్లాలు కూర్చున్నప్పుడల్లా మడమ ఆనించే చోటు!