ఇంకొక్కరొస్తే పోదాం!

'ఇంకొక్కరొస్తే పోదాం... జర జరుగున్రి!'

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఆటో ఎక్కేవారికి ఈ మాట కొత్త కాదు. ముక్కూమొహం తెలియనివారి పక్కన సర్దుకుని కూర్చోవడం, తలా ఇంత అని ఛార్జీ ఇవ్వడం ఇక్కడ మామూలే. మహానగరాల్లో 'కార్‌పూలింగ్‌' అని గొప్పగా చెప్పుకునేది ఇంచుమించు ఇదే. కాకపోతే ఈ ఊళ్లలో దానికెవరూ పేరు పెట్టలేదంతే!

అక్కడ బతిమాలాలి

అమెరికాలో తీరు వేరు. అయిదుగురు పట్టే కారులో ఒక్కరే ఆఫీసుకు బయల్దేరతారు. 1973లో చమురు సంక్షోభంతో పెట్రోలుకు కటకట వచ్చింది. వాషింగ్టన్‌ శివార్లలోని షిర్లీ హైవేపై 1969 నుంచి బస్సులకే కేటాయించిన వరసలోకి, ఆ ఏడాది చివర్లో నలుగురున్న కార్లనీ అనుమతించారు. ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా దూసుకుపోవచ్చన్న ఆశతోనైనా జనం కలిసి వెళ్తారని!

ఆ నలుగురి లెక్క కోసం కార్లవాళ్లు రోడ్డు పక్క నిలబడ్డ అపరిచితుల్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. 'స్లగ్గింగ్‌' అనే ఈ పద్ధతిలో పైసా కూడా తీసుకోరు. ఉద్యోగాలకు వెళ్లిన మనవాళ్లకీ ఈ 'కార్‌పూల్‌ లేన్‌' బాగా పరిచయమే. కాలిఫోర్నియాలో ఆ వరసలోకి ఒంటరిగా దూరితే కనీసం 490 డాలర్లు వదులుతాయి.

ఇక్కడ అవసరమే కలుపుతుంది

జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా మెట్‌పల్లి, ఆర్మూరు వైపు సాగే 63వ నంబరు జాతీయ రహదారి మీద అలాంటి వరసేదీ లేదు. ఆ అవసరమూ రాలేదు. చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పగించి ఇల్లు చేరే మహిళలూ, సిరిసిల్లలో మరమగ్గాల షిఫ్టుకు వెళ్లే కార్మికులూ, వేములవాడ రాజన్న దర్శనానికి బయల్దేరిన భక్తులూ... ఎవరికి వారు బండి మాట్లాడుకోవాలంటే జేబు ఒప్పుకోదు. గల్ఫ్‌ వెళ్లేవాళ్లు సైతం తోడు దొరికితే ఒకే కారులో శంషాబాద్‌ విమానాశ్రయానికి పోయి కిరాయి పంచుకుంటారు.

మర్యాదలూ ఉన్నాయి. ఆడవాళ్లు ఎక్కితే వెనక సీటు వాళ్లకే. మగవాళ్లు లేచి డ్రైవరు పక్కకు చేరతారు. చిక్కల్లా అక్కడే! చిన్న ఆటోకు పర్మిట్‌ ముగ్గురు ప్రయాణికులకే. ఆ మర్యాద కాస్తా డ్రైవరు హ్యాండిల్‌ తిప్పడానికి చోటు లేకుండా చేస్తుంది.

ఎక్కితే ముప్పు... ఎక్కకపోతే నష్టం

కిక్కిరిసిన ప్రయాణమంటే ఈ ప్రాంతానికి ఓ చేదు జ్ఞాపకం ఉంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌ రోడ్డులో జగిత్యాల డిపో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. సీట్లకు మించి ఎంతోమంది అందులో ఉన్నారు.

2023 డిసెంబరు 9న ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక లెక్క మారింది. ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలు మిగిలాయి. ఆటోల్లో మాత్రం సీట్లు ఖాళీ అయ్యాయి. గిరాకీ పోయిందంటూ డ్రైవర్లు రాష్ట్రమంతా ఆందోళనకు దిగారు. ఆటో నిండేదాకా ఆగే ఓపిక లేనివారు అప్పుచేసైనా బైకు కొంటున్నారు. ఒక్కో బండికి ఒక్కొక్కరే... అమెరికా వదిలించుకోవాలని చూస్తున్న అలవాటు ఇక్కడికి నెమ్మదిగా వస్తోందన్నమాట.

కలిసి వెళ్లడం మంచిదే. అయితే పర్మిట్‌ లేని సొంత కారును కిరాయికి తిప్పడానికి చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కులే. అమెరికాలో బోర్డులు 'ఇంతకు తక్కువైతే రావద్దు' అంటాయి. మన ఆటోకు కావాల్సింది 'ఇంతకు మించి ఎక్కొద్దు' అనే మాట. ఆ మాట పోలీసులే చెప్పక్కర్లేదు. ముగ్గురు కూర్చున్న ఆటోలో ఎవరో ఒకరు 'ఇగ చాలన్నా, పోదాం' అంటే సరిపోతుంది.