పద్నాలుగో రోజు

కోనసీమలో ఆశా కార్యకర్తగా చేరిన కొత్తలో బాలింతల ఇళ్ళకి వెళ్ళడమంటే నాకు మహా సరదా. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్ళాలి. బిడ్డను కాటా సంచిలో వేసి తూకం చూడాలి, ఒళ్ళు వెచ్చగా ఉందేమో చూడాలి, పాలు తాగుతోందో లేదో రాసుకోవాలి. తల్లి గురించి ఫారంలో నాలుగైదు ప్రశ్నలే. రక్తం ఎక్కువగా పోతోందా? జ్వరమా? అసహజంగా మాట్లాడుతోందా, మూర్ఛలు వస్తున్నాయా?

అలా వెళ్ళిన ఒక ఇంట్లో కోడలికి రెండో కాన్పు. రెండోసారీ ఆడపిల్లే. మొదటి పురుడు పుట్టింట్లో పోశారు. ఈసారి ఆమె కడుపుతో ఉండగానే తల్లి పోయింది. దాంతో పురుడు అత్తింట్లోనే. భర్త గల్ఫులో డ్రైవరు. ఏడో రోజు నేను వెళ్ళేసరికి వెల్లుల్లి కారం కలిపిన అన్నం కంచం ముందు పెట్టుకుని గోడకేసి చూస్తోంది. జాకెట్టు పాలతో తడిసిపోయింది. పక్కన పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. ‘అసహజంగా మాట్లాడుతోందా?’ అన్నచోట ‘లేదు’ అని రాశాను. అసలు మాట్లాడితేగా!

పచ్చి ఒళ్ళు, నీరసం మామూలే అని సర్దిచెప్పుకుని వచ్చేశాను. ఆ తప్పు నాదే.

పద్నాలుగో రోజు వెళితే అరుగు మీద ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. “మళ్ళీ మాలక్ష్మేనా?” అని ఒకావిడ, “పోన్లే, మూడోసారి చూద్దురులే” అని ఇంకొకావిడ. ప్రతి మాటా లోపల మంచం దాకా వినబడుతోంది. కోడలి మెడలో కొత్త తాయెత్తు. “గాలి సోకిందమ్మా. పిల్లనెత్తుకోదు, రాత్రుళ్ళు కన్నుమూయదు” అంది అత్తగారు. పెద్దావిడ చెడ్డదేం కాదు. వంట, గేదెలు, పెద్దపిల్ల, పురిటి నీళ్ళు అన్నీ ఆవిడ నెత్తిమీదే. కోడలి మనసు అడగడానికి తీరికేదీ?

వేణ్ణీళ్ళు కావాలని ఆవిడని పొయ్యి దగ్గరికి పంపి, మంచం మీద కూర్చున్నాను. “పిల్ల సంగతి సరే, నీకెలా ఉందమ్మా?” అన్నాను. చాలాసేపు పలకలేదు.

“అందరూ పిల్లెలా ఉందనే అడుగుతారక్కా. ఆయన కూడా ఫోన్లో అదే. నాకేమో ఇదెవరి పిల్లో అనిపిస్తంది. అమ్ముంటే చెప్పుకునేదాన్ని.” కాసేపాగి, గొంతు తగ్గించి, “రాత్రుళ్ళు కాలవ గట్టుకేసి వెళ్ళిపోవాలనిపిస్తంది” అంది.

ఆ పూట తక్కిన ఇళ్ళకి వెళ్ళలేదు. ఆమెను ఒంటరిగా వదలొద్దని అత్తగారికి చెప్పి, ఆటో మాట్లాడి, ముగ్గురం పిల్లతో సహా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ పది ప్రశ్నలడిగింది. 1987లో ఎడింబరోలో తయారైన ప్రశ్నలట అవి. గడిచిన వారం రోజుల్లో నవ్వగలిగావా అన్న దగ్గర మొదలై, నీకు నువ్వే హాని చేసుకోవాలనిపించిందా అన్న దగ్గర ముగుస్తాయి. అన్నీ విని, అత్తగారి వైపు తిరిగి, “ఇది గాలీ కాదు, బద్ధకమూ కాదు, జబ్బు. కాన్పయిన నాలుగైదు రోజులకి ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. ఇది అలాంటిది కాదు” అంది. ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి పంపింది.

తర్వాత ఒకరోజు డాక్టరమ్మే నాకు చెప్పింది. 2002లో వెలువడిన రెండు పరిశోధనలున్నాయట. గోవాలో కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చూస్తే నూటికి 23 మంది తల్లుల్లో ఈ కుంగుబాటు కనబడింది. తమిళనాడు పల్లెల్లో కారణాలు వెతికితే తేలినవి ఇవి: చాలీచాలని రాబడి, మగబిడ్డ కావాలనుకుంటే ఆడపిల్ల పుట్టడం, అత్తగారితోనో కన్నవాళ్ళతోనో పొసగకపోవడం, కడుపుతో ఉండగా కష్టం ముంచుకురావడం, చేతి సాయం లేకపోవడం. గోవాలో భర్తతో సఖ్యత లేకపోవడం, అతని చేతి దెబ్బలు కూడా ఆ లెక్కలోకి వచ్చాయి.

వింటూ వేళ్ళు మడిచాను. పోయిన తల్లి, రెండో ఆడపిల్ల, సాయానికి మనిషి లేకపోవడం. ఏడో రోజున అన్నీ నా కళ్ళముందే ఉన్నాయి. ఫారంలో వాటికి గడి లేదని నేనూ చూడలేదు.

42వ రోజుకీ ఆమె పూర్తిగా తేరుకోలేదు. చాలా నెలలు పట్టింది. మందులు వాడింది. రాత్రిపూట పిల్లని అత్తగారు తన పక్కలో వేసుకుంది. గేదెల పాలు పితకడానికి మనిషిని పెట్టుకోమని కొడుకు డబ్బు పంపాడు. అరుగు మీద మాటలు మాత్రం పెద్దావిడ ఒక్కరోజులో ఆపించేసింది, “మా ఇంట్లో మూడోసారి ఊసెత్తొద్దు” అని.

ఇప్పుడు మనసు బాగోలేనివాళ్ళు 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే సహాయ కేంద్రం వాళ్ళు డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి బాలింత ఇంట్లోనూ రాసిచ్చి వస్తున్నాను. మీరూ పురిటింటికి వెళ్ళినప్పుడు పిల్ల ఎవరి పోలికో తర్వాత చూద్దురుగాని, ముందు ఆ తల్లి నిద్రపోయిందో లేదో అడగండి.