మూఁడు బొత్తాముల పాటల పెట్టె

చేతియందు సెల్ ఫోను ఉండఁగా పాటలకొఱకు వేఱొక పెట్టెను నిర్మించుట యేల యని కొందఱు విద్యార్థులు నన్నడిగిరి. ప్రశ్న సమంజసమైనదే. కన్నులున్నవారికి ఫోనే చాలును. కాని మా తల్లిగారు ఎనుబదియేండ్లు దాటినవారు. వారికి చూపు పోయి కొన్ని సంవత్సరములైనది. నున్నని యద్దముమీఁద వ్రేలికి తగులు గుఱుతేదియు లేదు గదా! ఒక కీర్తన వినవలయునన్న వారెవరినైనను పిలిచి కనిపెట్టుకొని యుండవలసి వచ్చెడిది. కొంతకాలమునకు అడుగుటయే మానివేసిరి. అందువలన గత వేసవి సెలవులలో, తొమ్మిదవ తరగతి బాలబాలికలు కొందఱు తోడ్పడఁగా, మూఁడు బొత్తాములు గల చిన్న పెట్టె నొకదానిని నిర్మించితిని.

ఇందలి ముఖ్యభాగములు మూఁడు: పాటలుంచు మెమరీకార్డు, దానిని చదువు ఇ.ఎస్.పి.32 మైక్రోకంట్రోలరు, అంకెలను విద్యుత్తరంగముగా మార్చు పి.సి.ఎం.5102ఏ అను చిప్పు. ఆ తరంగమును చిన్న యాంప్లిఫయరు బలపఱచి స్పీకరున కిచ్చును.

మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వఱకు వినఁగలదు. అందుకు రెట్టింపు కంటె నెక్కువ మారులు కొలిచినఁగాని ధ్వనిని సరిగా తిరిగి పుట్టింపలేము. కావున 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కునందు సెకనుకు 44,100 మారులు కొలుచు నియమ మేర్పడెను. ఒక్కొక్క కొలతకు రెండు బైట్లు. కుడి యెడమలకు కలిపి సెకనుకు 1,76,400 బైట్లు. ఎంపీ3 పద్ధతి, చెవికంతగా తెలియదని యెంచిన భాగములను విడిచి, ఫైలును చిన్నది చేయును. మేము ఏమియు విడువని వేవ్ ఫైళ్లనే యుంచితిమి. 32 గిగాబైట్ల కార్డునందు ఇట్టి పాటలు సుమారు 50 గంటలు పట్టును.

కార్డు అప్పుడప్పుడు క్షణకాలము ఆలస్యము చేయును; ధ్వని మాత్రము ఆగరాదు. కావున మైక్రోకంట్రోలరు జ్ఞాపకమునందు 32,768 బైట్ల తొట్లు రెండేర్పఱచి, ఒకటి ఖాళీ యగుచుండఁగా రెండవదానిని నింపునట్లు చేసితిమి. మఱియు కొలతలన్నియు సమానమైన వ్యవధితో వెలువడవలెను. స్వరము లెఱిఁగియు తాళము తప్పిన గాయకబృందము వినుట కెట్లుండునో, గడియారము నిలుకడగా నడువని యంత్రమును అట్లే యుండును.

బొత్తాములలో గుండ్రనిది పాట మొదలిడుటకును ఆపుటకును. చదరపుది తరువాతి పాటకు. ముక్కోణపుది వెనుకటి పాటకు. మా తల్లిగారు ఒక్క పూటలో నేర్చికొనిరి. మఱునాఁడు మన పాఠశాల గాయకబృందము పాటను నాలుగు మారులు తామే పెట్టుకొని విని, ఆల్టో పాడు బాలికలు రెండవ చరణమున వెనుకఁబడుచున్నారని చెప్పిరి. ఆ మాట నిజమే. బాలికలు దానిని సంతోషముతో స్వీకరించి మరల అభ్యసించిరి.

విద్యార్థులారా, మీ యిండ్లలోను అడుగుట మానివేసినవా రుందురు. విజ్ఞానశాస్త్రమును నేర్చునపుడు వారిని జ్ఞాపకముంచుకొనుఁడు. అట్టివారిని కనుఁగొను హృదయమును దేవుఁడు మనకు దయచేయును గాక.