ఒక పిట్టా? రెండు పిట్టలా?

పెరట్లో మందారాల చుట్టూ తిరిగే తేనెపిట్టను చూపి, “అదుగో హమ్మింగ్ పిట్ట!” అని పిల్లలకు చెప్పే తండ్రులు మనలో ఉన్నారు. అది పొరపాటు. అసలు హమ్మింగ్ పిట్టను చూడాలంటే అమెరికా ఖండాలకు పోవలసిందే. వాటిలో కెల్లా పెద్దది దక్షిణ అమెరికా పడమటి అంచున, ఆండీస్ కొండల్లో ఉన్నది.

పెద్దది అన్నానని గ్రద్దను ఊహించుకోకండి! జానెడు పొడవు, రెండు తులాల బరువు. అయినా తనవారిలో అదే భీముడు.

మనకు దసరా వచ్చే రోజుల్లో చిలీ దేశంలో వసంతం. అక్కడి సముద్రతీరపు చెట్టుచేమల్లో ఈ పిట్ట గూడు కడుతుంది. ఉత్తరాన పెరూ కొండలపైనా ఇలాంటి పిట్టే ఏడాది పొడుగునా కనిపిస్తుంది. అదే గోధుమరంగు, అదే ముక్కు, పూవు ముందు గాలిలో నిలిచే అదే తీరు. 1824లో ఒక ఫ్రెంచి పండితుడు దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం రెండిటినీ ఒకే జాతి క్రింద జమకట్టారు.

మరి చలికాలంలో చిలీ పిట్ట ఎక్కడికి పోతున్నది? పరిశోధకులు కొన్నిటిని పట్టి, వీపున బుల్లి పరికరాలు కట్టి వదిలారు. అవి పెరూ కొండలకు, 4,000 మీటర్లకు పైబడిన ఎత్తుకు పోతున్నవని తేలింది. రానూ పోనూ 8,300 కిలోమీటర్ల దాకా! మధ్యమధ్య కొన్నాళ్లు ఆగి, పలుచని గాలికి ఒళ్లు అలవాటు చేసుకుని మరీ ఎక్కుతవి. అక్కడ స్థానికుల మధ్యనే మసలుతవి. చుట్టపుచూపుగా వచ్చినవాడు ఇంటివాడి పోలికలోనే ఉంటే గుర్తించే దెవరు?

జన్యువులు గుర్తించినవి. ఈ రెండూ విడిపోయి 21 లక్షల నుంచి 34 లక్షల ఏండ్లయిందని 2024లో పరిశోధకులు ప్రకటించారు. కనుక వేర్వేరు జాతులే అన్నారు.

ఒకటైతేనేం, రెండైతేనేం అనకండి. రెండు కుటుంబాల లెక్క ఒకే పద్దులో వ్రాస్తే, ఒక ఇంట గింజ నిండుకున్నా పద్దు నిండుగానే కనిపిస్తుంది. పెరూలో పిట్టలున్నవి గదా అని చిలీలో చెట్లు నరికితే, పోయేది మరొక జాతి. అది మళ్లీ రాదు.

కాకికీ కోకిలకూ తేడా వసంతంలో తెలుస్తుందని మనవాళ్లు ఏనాడో కనిపెట్టారు. పెరూ కొండల్లోనూ అంతే. వసంతం వస్తుండగా ఒక పిట్ట కదలక అక్కడే ఉండిపోతుంది. రెండోది రెక్కలు విప్పి, చిలీ సముద్రం వైపు ప్రయాణం కడుతుంది.