అద్దకం నేర్చిన చేతులు

సూరతు నగరంలో ప్రతిదినమూ ఎన్ని పూలు పూస్తాయో లెక్క కట్టినవారు లేరు. అవి తోటలలో పూసే పూలు కావు. చీరల మీద పూసేవి. ఈ ఉదయం కాగితం మీద మొగ్గ తొడిగిన పువ్వు వారం తిరిగేసరికి వేల గజాల వస్త్రం మీద విరుస్తుంది. నెల గడవక ముందే ఏ కరీంనగరం అంగడిలోనో, ఏ కాశీ వీధిలోనో ఒక ఇల్లాలి భుజం మీద వాలుతుంది. దానిని మొట్టమొదట గీసిన చేయి ఎవరిదో ఆ ఇల్లాలికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.

ఆ చేతులలో తెలుగు చేతులు కొన్ని కలవు. తెలంగాణ పల్లెల నుండి పద్మశాలి కుటుంబాలు మగ్గాన్ని వెదుకుకొంటూ తరాలుగా సూరతు చేరినవి. మరమగ్గాల మధ్య బ్రతుకు కుదుర్చుకొన్నవారు పెక్కుమంది. రంగులలోకి, అద్దకంలోకి, డిజైన్లు గీసే పనిలోకి దాటినవారు కొందరు. అట్టివారిలో ఒకడు, సిరిసిల్ల ప్రాంతపు మనిషి, ముప్పై ఏండ్లు చీరలకు పూలు గీసి, ఇప్పుడు నగరపు నైఋతి దిక్కున ఆల్థానులో, కొడుకు కొన్న ఇంట, ఆరవ అంతస్తులో కాలక్షేపం చేస్తున్నాడు.

ఆల్థాను ఒకప్పుడు ఊరు, ఇప్పుడు పేట. పోటునీరు ఎక్కివచ్చే వాగును అక్కడివారు ఖాడీ అంటారు. ఆ ఖాడీ ఒడ్డున తుమ్మచెట్లు కొన్ని మిగిలి ఉన్నవి. తక్కినదంతా మేడలు. పొరుగున ఉన్న భీమరాడ్‌లో 1930 ఏప్రిలు నెలలో గాంధీజీ ఉప్పు చేతబట్టి శాసనాన్ని ధిక్కరించినాడు. నేడు అక్కడికీ మేడలు నడిచి వచ్చినవి. పొలాలుగా ఉన్ననాటి ఆల్థానుకు బొమ్మ ఎవరైనా గీసినారా అని ఆయన ఒకరిద్దరిని అడిగి చూసినాడు. వారు నవ్వినారు. పొలానికి బొమ్మ ఎందుకు? భూమి కాగితం ఉంటే చాలదా?

ఆ ప్రశ్న ఆయనకు ఊరకే పుట్టలేదు. పాతపుస్తకాల బండి మీద కొన్న ఒక పెద్ద పుస్తకం కొన్నాళ్లుగా ఆయనను వదలకున్నది. అందులో పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా చిత్రకారులు తమ కొండలను, నదులను, జలపాతాలను చిత్రించిన రంగుల పుటలు ఉన్నవి. వారిని హడ్సన్ నదీ సంప్రదాయం వారని అంటారు. బొమ్మల కొరకే ఆయన పుస్తకం కొన్నాడు. కాని అందులోని ఒక చిన్న జీవిత విశేషం దగ్గర చూపు ఆగిపోయినది. ఆ సంప్రదాయానికి ఆద్యుడని పేరుపడిన థామస్ కోల్ బాల్యంలో చేసిన పని, అద్దకపు వస్త్రాలకు నమూనాలు చెక్కడం!

కోల్ అమెరికాలో పుట్టినవాడు కాడు. 1801లో ఇంగ్లండులో, లాంకషైరు మండలంలోని బోల్టన్‌లో పుట్టినాడు. పుట్టిన ఊరంతా నూలుమయం. చిన్నతనంలోనే చోర్లీ అనే ఊరిలో అద్దకపు కార్ఖానాకు నమూనాలు చెక్కే పనిలో చేరినాడు. 1818లో కుటుంబంతో సముద్రం దాటినాడు. తండ్రి గోడకాగితాల వ్యాపారం పెడితే వాటికీ నమూనాలు గీసినాడు. 1825లో హడ్సన్ నది వెంట ఎగువకు పోయి, క్యాట్‌స్కిల్ కొండలను చూసి వచ్చి గీసిన చిత్రాలు న్యూయార్కులో అమ్ముడుపోయినవి. అక్కడినుండి అతని దారి మారినది.

అద్దకపు నమూనాకు ఒక ధర్మం ఉన్నది. దాని కుడి అంచు ఎడమ అంచుతో కలిసిపోవాలె. పై అంచు కింది అంచుతో అతకాలె. అతుకు కనబడితే ఆ నమూనా పనికిరాదు. ఎక్కడ మొదలైనదో అక్కడికే తిరిగి వచ్చి, ఎన్ని గజాలకైనా సాగాలె. పరిశ్రమలో దానిని రిపీటు అంటారు. ముప్పై ఏండ్లు రిపీటు కలుపుతూ బ్రతికినవానికి కోల్ చిత్రాలలో మొదట కనబడినది అదే: ఈ మనిషి ఇక్కడ దేనినీ కలపలేదు. ఈ కొండ ఒక్కసారే ఉన్నది. ఈ చెట్టు మరొకచోట రాదు. మరల మరల వచ్చేదానిని చెక్కి విసిగిన చేయి, మరల రానిదానిని వెదుకుకొంటూ పోయినది కాబోలు.

బోల్టన్ నుండి వచ్చినవాడు కోల్ ఒక్కడే కాడు. యెల్లోస్టోన్ లోయలను చిత్రించి ప్రఖ్యాతి పొందిన థామస్ మొరాన్ కూడా 1837లో ఆ ఊరిలోనే పుట్టినాడు. అతని తల్లిదండ్రులు చేనేతవారు. మరమగ్గం వచ్చి చేతిమగ్గం కూడు తీసిన కాలంలో, 1844లో ఆ కుటుంబం అమెరికాకు వలస పోయినది. లాంకషైరు గుడ్డ దిగుమతి వలన మన నేతగాండ్రు చెడినారన్న మాట తెలుగువారు చిన్ననాటి నుండి వింటున్నదే. ఆ గుడ్డ నేసే యంత్రం మొదట తన వాకిట ఉన్న సాలెవానినే వీధిలోకి తరిమినదన్న సంగతి మాత్రం ఆయనకు ఈ పుస్తకం చెప్పినది. తరిమివేయబడినవాని కొడుకు పోయి కొత్త దేశపు కొండలను గీసినాడు.

ఆ కొండలైనా నిలకడగా ఉన్నవా? లేవు. కోల్ 1836లో చిత్రించిన ఆక్స్‌బో అనే ప్రసిద్ధ చిత్రంలో కనెక్టికట్ నది ఎద్దుకాడి మెడవంపు వలె తిరుగుతుంది. ఎడమవైపు గాలివానకు విరిగిన చెట్లు, చిట్టడవి. కుడివైపు ఎండలో చదునైన సేద్యపు పొలాలు. రెంటికీ నడుమ, వెదికితే గాని కనబడనంత చిన్నగా, చిత్రకారుడు తన్ను తానే గీసుకొన్నాడు. ఆ ఏడే కోల్ అమెరికా ప్రకృతిని గురించి ఒక వ్యాసం ప్రకటించి, గొడ్డలి పెట్టుకు అడవులు కూలుతున్నందుకు దుఃఖించినాడు. తన ఇంటి దగ్గరి లోయలో రైలుదారి కొరకు చెట్లు నరకడం అతడు కన్నులారా చూసినాడు. 1848లో, నలుబది ఏడవ ఏట మరణించినాడు.

అతని శిష్యుడు ఫ్రెడరిక్ చర్చ్ గురువును మించిన కీర్తి గడించినాడు. 1859లో అతడు ఆండీస్ పర్వతాల మహాచిత్రాన్ని న్యూయార్కులో ప్రదర్శిస్తే, తలకు పాతిక సెంట్లు రుసుము చెల్లించి, పన్నెండు వేలకు పైగా జనం చూసిపోయినారు. పది అడుగుల వెడల్పు గల ఆ చిత్రంలో ఒక్కొక్క ఆకును చూడడానికి దుర్భిణులు పట్టుకొని వచ్చినవారూ ఉన్నారు. అడవి తరుగుతున్నకొద్దీ అడవి బొమ్మకు వెల పెరిగినదా అన్న సందేహం ఎవరికైనా కలుగకపోదు.

ఆ సందేహానికి సూటిగా నిలిచిన చిత్రం జార్జి ఇన్నెస్‌ది. సుమారు 1855లో ఒక రైలు కంపెనీ తన ప్రతాపం చాటుకొనడానికి లాకవాన్నా లోయను గీయుమని అతనికి పని ఒప్పగించినది. ఇన్నెస్ రైలును గీసినాడు, ఇంజన్ల కొట్టాన్ని గీసినాడు. కాని ముందువైపు నేలంతా నరికిన చెట్ల మోళ్లను కూడా గీసినాడు. ఒక కుర్రవాడు ఆ మోళ్ల దాపున మేనువాల్చి వచ్చే రైలును చూస్తున్నాడు. పొగడ్తయా, అభిశంసనయా? చిత్రం చెప్పదు. డబ్బిచ్చినవాడు కోరినదంతా అందులో ఉన్నది, కోరనిదీ ఉన్నది. ఆల్థానులోని ఆ వృద్ధునికి పుస్తకమంతటిలో ఎక్కువ నచ్చినది ఈ బొమ్మ. చెప్పిన రంగు వేయకతప్పని వృత్తిలో మోళ్లను దాచకుండుట ఎంత కష్టమో ఆయనకు తెలుసును.

అందరూ ఇన్నెస్ వలె మోళ్లను మిగల్చలేదు. మనుషులనూ మిగల్చలేదు. ఆదివాసి తెగలను మిసిసిపీ నదికి ఆవలకు తరిమే చట్టం 1830లో వచ్చినది. యోసెమిటీ లోయలో తరతరాలుగా కాపురమున్నవారిని 1851లో ఒక సాయుధ దళం వెళ్లగొట్టినది; తరువాతి దశాబ్దంలో చిత్రకారులు వచ్చి అక్కడి ఏకాంతాన్ని గీసినారు. ఆ ఏకాంతం దేవుడిచ్చినది కాదు, తుపాకి తెచ్చినది.

అయితే బొమ్మకు శక్తి లేదనడానికీ వీలు లేదు. 1871లో మొరాన్ ఒక ప్రభుత్వ సర్వే బృందంతో యెల్లోస్టోన్‌కు పోయినాడు. అతని నీటిరంగుల చిత్రాలు, తోడు వచ్చిన విలియం హెన్రీ జాక్సన్ ఛాయాచిత్రాలు చట్టసభవారి కనులకు ఆ లోయను చూపినవి. 1872 మార్చి 1వ తేదీన అది జాతీయ వనమైనది. ఆ ఏడే మొరాన్ ముగించిన పెద్ద తైలచిత్రాన్ని చట్టసభ పదివేల డాలర్లకు కొన్నది. సాలెవాని కొడుకు గీసిన బొమ్మ ఒక లోయను కాపాడుటకు తోడ్పడినది. ఆ వనంలో తిరుగాడిన షొషోనీ తెగవారిని మాత్రం అది కాపాడలేదు. వారు క్రమంగా బయటికి పంపివేయబడినారు.

పుస్తకంలో మరి కొన్ని పుటల తరువాత ఇంకొక లోయ ఉన్నది. దాని పేరు హెచ్‌హెచీ. యోసెమిటీకి పొరుగున, దానికి తీసిపోని అందం కలది. జర్మనీలో పుట్టి అమెరికాలో పెరిగిన ఆల్బర్ట్ బియర్‌స్టాట్ దానిని 1870ల దశాబ్దంలో చిత్రించినాడు. నిలువెత్తు రాతిగోడల నడుమ పచ్చిక, చెట్లు, సాయంకాలపు పసిడి వెలుగు. ఒకనాటి సాయంకాలం ఆయన ఆ పుట తెరచి కూర్చున్నప్పుడు మనుమరాలు వచ్చి భుజం మీదుగా చూసినది.

“ఇది ఎక్కడ ఉంది తాతా? మనం పోయి చూడొచ్చా?”

“లేదు బిడ్డా. ఇది నీళ్ల కింద ఉంది. పట్నానికి నీళ్లు కావాలని ఆనకట్ట కట్టిండ్రు.”

ఆ పిల్ల కొంచెంసేపు ఊరకుండి అడిగినది: “మన ఊరి లెక్కనేనా?”

ఆయన జవాబు చెప్పలేదు. భూకంపం పాలైన శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు దాహం తీర్చడానికి హెచ్‌హెచీ లోయను ముంచే చట్టం 1913లో వచ్చినది. జాన్ మ్యూర్ వంటి వారు ఏండ్ల తరబడి ఎదిరించినారు, గెలవలేకపోయినారు. 1923లో ఆనకట్ట పూర్తయినది. బియర్‌స్టాట్ బొమ్మ లోయను కాపాడలేదు. లోయ పోయిన తరువాత అది మాత్రం మిగిలినది.

ఆయన పుట్టిన పల్లె మధ్య మానేరు జలాశయంలో మునిగిన పల్లెలలో ఒకటి. 2019లో నీళ్లు నిండుతున్నప్పుడు చుట్టాలు చేతిఫోనులో పంపిన దృశ్యంలో నీళ్లే కనబడినవి గాని ఊరు కనబడలేదు. చింతచెట్టు, పోచమ్మ గుడి, మగ్గాల గుంతలు గల ఇండ్ల వరుస, చెరువు తూము, ఇవి ఏ చిత్రకారుని కంటికీ ఆనలేదు. పునరావాస కాలనీలోని వారికి నష్టపరిహారపు కాగితాలు ఉన్నవి. ఊరి బొమ్మ లేదు.

తెలుగునేలకు ప్రకృతి చిత్రకారులు లేకపోలేదు. రాజమహేంద్రవరం కళాశాలాధ్యక్షుడుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో కుంచె పట్టిన దామెర్ల రామారావు తూర్పు కనుమల నడుమ గోదావరిని చిత్రించినాడు. ఇరవై ఎనిమిదేండ్లు నిండకుండానే 1925లో మశూచికానికి బలియైనాడు. ఆయన పేరిట రాజమహేంద్రవరంలో చిత్రశాల ఉన్నది. అదే గోదావరి ఎగువన నేడు పోలవరం ఆనకట్ట లేస్తున్నది. కనుమల లోయలలో ఎన్నో పల్లెలకు ముంపు రాసిపెట్టి ఉన్నది. మానేరు కూడా గోదావరిలో కలిసే నదియే. కాని రామారావు వంటివాని పడవ అంత ఎగువకు రాలేదు.

ఇందులో ఎవరిని నిందించవలె? ఆల్థాను ఇంట కుళాయి తిప్పితే వచ్చేది తాపీ నది నీరు. ఆ నదికి ఎగువన ఉకాయి ఆనకట్ట ఉన్నది. దాని కింద వందకు పైగా పల్లెలు మునిగినవి. తన ఊరు మునిగినందుకు వగచేవాడు మరొకరి ఊరి మీద నిలిచిన నీరే త్రాగుతున్నాడు. మానేరు నీరూ ఎక్కడో ఒక చేనిని తడుపుతూనే ఉంటుంది. ఇది తెలిసినంత మాత్రాన దుఃఖం తగ్గదు. కాని దుఃఖంలోని గర్వం తగ్గుతుంది. కోల్ తన్ను తాను అడవికీ పొలానికీ నడుమ గీసుకొన్నది ఈ కారణం చేతనేమో.

ఆ వారమే ఆయన మరల కుంచె తీసినాడు. గీసేది చీరకు కాదు. గళ్ల కాగితం పక్కన పెట్టి తెల్లకాగితం పరచినాడు. చింతచెట్టు దగ్గర మొదలుపెట్టినాడు. తరువాత గుడి, తరువాత ఇండ్లు. మనుషులను కూడా గీసినాడు: పడుగు సాగదీస్తున్న ఆడవారు, తూము మీద కూర్చున్న పిల్లలు. కాలువ తవ్వకానికి నరికిన తాటిమొద్దులు రెండు ఉండేవి, వాటినీ వదలలేదు.

అలవాటుపడిన చేయి తెలియకుండానే ఒక పని చేయబోయినది. ఎడమ అంచున మొదలైన చెరువుకట్టను కుడి అంచుకు తెచ్చి, ఎత్తు సరిచూసి, రెండు కొసలూ కలిసేటట్లు వంచబోయినది. కలిస్తే ఆ ఊరు ఎన్ని గజాలకైనా సాగును. ఆయన రబ్బరు తీసుకొని ఆ వంపు చెరిపివేసినాడు. కట్ట కుడి అంచున, అది నిజంగా తెగిన చోటనే తెగి ఆగినది.

మనుమరాలు వచ్చి చూసి, ఈసారి ఎక్కడ ఉందని అడగలేదు. తూము మీది పిల్లలను ఒక్కొక్కరినీ చూపుతూ, ఎవరు ఎవరో పేర్లు అడగ నారంభించినది.