లీడు తీసే ముందు

“సార్, రీడింగ్ వచ్చేసిందిగా, లీడ్లు తీసేయమంటారా?” ట్రాన్స్‌ఫార్మర్ టెస్టింగ్ పనిలో నన్ను ఎక్కువగా భయపెట్టే ప్రశ్న ఇదే.

సబ్‌స్టేషన్లో వైండింగ్ రెసిస్టెన్స్ టెస్టు చూడ్డానికి చిన్న పనే. బుషింగులకు క్లాంపులు బిగించి, టెస్ట్ సెట్ పెట్టెతో 10 ఆంపియర్ల డీసీ పంపి, వచ్చిన వోల్టేజిని కరెంటుతో భాగించుకోవడమే. చిక్కల్లా ఆ 10 ఆంపియర్లు వెంటనే రావు. ఇనుప కోరు చుట్టూ వందల చుట్లు తిరిగిన రాగి కదా! కరెంటు పెరుగుతుంటే కోరులో అయస్కాంత క్షేత్రం పెరుగుతుంది. అది పెరుగుతున్నంతసేపూ వైండింగులో ఎదురు వోల్టేజి పుడుతూనే ఉంటుంది. మీటరులో అంకె మొదట ఎక్కువ చూపించి మెల్లగా దిగుతుంది. డెల్టా వైండింగ్ అయితే మరీ సతాయిస్తుంది. కొత్తవాళ్లు ఆగలేక దొరికిన అంకె రాసేస్తారు. తీరా మూడు ఫేజులూ పోల్చుకుంటే తేడా వస్తుంది, లోపం వైండింగుదే అనుకుంటారు. కోరు సాచురేట్ అయ్యాక ఇండక్టెన్స్ పడిపోయి రీడింగ్ కుదురుకుంటుంది. అందుకే కోరు త్వరగా సాచురేట్ కావాలని కొందరం హెచ్‌వీ (ఎక్కువ వోల్టేజి), ఎల్‌వీ (తక్కువ వోల్టేజి) వైండింగులను సిరీస్‌లో కలిపి కరెంటు పంపుతాం.

ఎక్కించేటప్పుడు పోయేది టైమే. దించేటప్పుడు తొందరపడితే పోయేది ప్రాణం.

20 హెన్రీల వైండింగులో 10 ఆంపియర్లు పారుతున్నాయనుకోండి. దాని క్షేత్రంలో 1,000 జౌల్స్ శక్తి దాగి ఉంటుంది. 50 కిలోల సిమెంటు బస్తాను రెండు మీటర్లు ఎత్తడానికి పట్టేంత. ఇప్పుడు క్లాంపు లాగారా, కరెంటు ఆగనంటుంది. దాన్ని సెకనులో నూరో వంతులో ఆపాలంటే లెక్క ప్రకారం 20,000 వోల్టులు పుట్టాలి. మన పెట్టె ఇచ్చేది పదుల వోల్టులే, పుట్టేది మాత్రం అంత. క్లాంపుకీ బుషింగుకీ మధ్య ఆర్క్ లేస్తుంది, క్లాంపేమో మనిషి చేతిలో ఉంటుంది. పొడవాటి తీగను బ్యాటరీ నుంచి విడదీస్తే పెద్ద నిప్పురవ్వ లేస్తుందని జోసెఫ్ హెన్రీ 1832లోనే రాశాడు. మనం ఇంకా చేతులు కాల్చుకుంటూనే ఉన్నాం.

స్టాప్ నొక్కాక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ డిశ్చార్జి కావడానికి నిమిషాలు పట్టొచ్చు. డిశ్చార్జి లైటు ఆరాలి, కరెంటు సున్నా చూపాలి, అప్పుడే నిచ్చెన ఎక్కాలి. తర్వాత కోరును డీమ్యాగ్నటైజ్ చేయడం మరవొద్దు. లేకుంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను మళ్లీ చార్జ్ చేసిన రోజు ఇన్‌రష్ కరెంటు ఎగిసి రిలే ట్రిప్పయ్యే ప్రమాదం ఉంది.

టెస్ట్ సెట్లు కొనే అధికారులకు ఒక్క మనవి. టెస్టు మధ్యలో సప్లై పోతే కొన్ని పెట్టెల్లో లైటూ ఆరిపోతుంది, వైండింగులో శక్తి మాత్రం అలాగే ఉంటుంది. సప్లై పోయినా తనంతట తాను డిశ్చార్జి చేసే సెట్టే కొనండి.